ముందు బల్ల దగ్గర కుర్చీ

జూన్ 4

అన్నయ్యకు,

నేను ఫోను ఎత్తడం లేదని వదిన కోపంగా ఉందని తెలుసు. రోజంతా మాట్లాడీ మాట్లాడీ గదికి వచ్చేసరికి ఫోను మోగితే ఒళ్ళు జలదరిస్తోంది. ఉత్తరమైతే మధ్యలో ఆపి, కాసేపు గోడకేసి చూసి, మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఇక ఇలాగే రాస్తాను. నువ్వూ రాయి. నీ దస్తూరి చూస్తే ఇంటికి వచ్చినట్టు ఉంటుంది.

ఒక కబురు. ఎమర్జెన్సీలో నన్ను లోపలి నుంచి ముందు బల్ల దగ్గరికి మార్చారు. ఇన్నేళ్ళూ మంచాల మధ్య పరుగులు పెట్టాను కదా, ఇప్పుడు నాకు కుర్చీ ఇచ్చారు. గుమ్మంలోంచి వచ్చే ప్రతి మనిషీ మొదట నా దగ్గరికే రావాలి. ఏం బాధో అడిగి, నాడి చూసి, చేతికి రంగు పట్టీ కడతాను. ఎరుపు కడితే నేరుగా లోపలికి వెళ్తారు. పసుపైతే కాసేపట్లో పిలుస్తారు. ఆకుపచ్చ అయితే బెంచీ మీద కూర్చోవాలి, ఎంతసేపో ఎవరూ చెప్పలేరు. ఎక్కువమందికి ఆకుపచ్చే.

మా పెద్ద సిస్టర్ "నీకు అనుభవం ఉంది, ముఖం చూసి చెప్పేస్తావు" అంది. నేను మాత్రం పిల్లల టీకాల గదికి మార్చమని అర్జీ పెట్టుకున్నాను. అక్కడ పిల్లలు ఏడుస్తారు, నిజమే. కానీ ఏడ్చి ఇంటికి వెళ్తారు.

నీ నడుం నొప్పి తగ్గిందా? కుర్చీలు బండిలోకి నువ్వే ఎక్కించకు. పనివాళ్ళను పెట్టుకుని వాళ్ళ పని కూడా నువ్వే చేస్తావు. చిన్నప్పటి నుంచీ అంతే, ఎవరినీ పని చెయ్యమని గట్టిగా అనలేవు.

నీ చెల్లి


జూన్ 12

చెల్లెమ్మకు దీవెనలు.

ఉత్తరం అందింది. మీ వదినకు రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి ఆవిడే అడిగింది.

కుర్చీ ఇచ్చారన్న మాట దగ్గర ఆగి కళ్ళు తుడుచుకున్నాను. పెళ్ళికీ చావుకీ కుర్చీలు అద్దెకిచ్చి బతుకుతున్నవాణ్ణి. మనిషికి కుర్చీ వేస్తే ఎంత మర్యాదో, లాగేస్తే ఎంత అవమానమో నా కంటే ఎవరికి తెలుసు. మొన్న ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామకు వేసిన కుర్చీ కాలు విరిగింది. ఆయన కింద పడలేదు, పడబోయాడు, అంతే. దానికే ఆ పక్షం వాళ్ళు భోజనం దగ్గర అలిగారు. నన్ను పిలిపించి, కావాలని విరిగిన కుర్చీ వేశావా అని నిలదీశారు. కుర్చీ అంటే అది.

ఇన్నేళ్ళకు నీ కాళ్ళకు విశ్రాంతి దొరికింది. అలాంటప్పుడు టీకాల గదికి అర్జీ ఎందుకు పెట్టావో నాకు బోధపడలేదు. పై మెట్టు ఎక్కినవాళ్ళు కింది మెట్టు కావాలని అడగడం ఏమిటి? ఆ అర్జీ వెనక్కి తీసుకో.

మీ వదిన ఏమందంటే, "స్వర్గం గుమ్మంలో ఎవరో కూర్చుని నువ్వు రా, నువ్వు ఆగు అంటారట. మీ చెల్లెలికి ఆ ఉద్యోగం వచ్చిందన్నమాట. నేను పోయేలోపు నా గురించి ఓ మాట చెప్పి ఉంచండి."

చెప్పాల్సిన వాళ్ళందరికీ చెప్పాను. టీ కొట్టు అతనికి, టైలరుకు, మొహమాటం మేస్త్రికి. ఈ మేస్త్రి నీకు తెలియదు, నువ్వు ఉద్యోగానికి వెళ్ళాక మన వీధికి వచ్చాడు. గోడలు కట్టే మనిషి. తనకు కూలి బాకీ ఉన్నవాడు ఎదురుపడితే, పాపం వాడు సిగ్గుపడతాడేమోనని ఈయనే సందు మారిపోతాడు. అందుకే ఆ పేరు. నీ సంగతి విని, "అంతమంది బాధ వినాలంటే ఎంత ఓపిక కావాలండీ" అన్నాడు.

టీ కొట్టు అతని అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. వచ్చే వారం అక్కడికి తీసుకొస్తాడట. నా పేరు చెప్పమన్నాను. లైనులో నిలబెట్టకు, ముసలావిడ.

నువ్వు కూర్చుని పనిచేస్తున్నావన్న తృప్తితో ఉన్న
మీ అన్నయ్య


జూలై 2

అన్నయ్యకు,

టీ కొట్టు ఆయన వచ్చాడు. ఆయన తర్వాత టైలరు బావమరిది వచ్చాడు. ఆ తర్వాత మన వీధి చివర ఉంటామంటూ ఎవరో దంపతులు. అందరూ బల్ల మీద చెయ్యి వేసి ఒకటే మాట. "కుర్చీల ఆయన చెల్లెలంటే మీరే కదా."

కుర్చీ అంటే ఏమిటో నీకు సరిగ్గా రాయలేదు. నువ్వు దిగులు పడతావని తేలిక చేసి రాశాను. లోపల పనిచేసేటప్పుడు మంచం మీద ఉన్నవాడు ఒక్కడే నన్ను చూసేవాడు. ఇక్కడ బెంచీల మీద ఉన్నవాళ్ళంతా నన్నే చూస్తారు. ఆగమన్నది నేనే కాబట్టి తిట్టేదీ నన్నే. లోపల మంచం ఖాళీ లేదు, డాక్టరు ఒక్కరే ఉన్నారు, ఆ సంగతి వాళ్ళకు కనిపించదు. కనిపించేది నేను. మొన్న ఒకాయన "కూర్చుని జీతం తీసుకుంటున్నావు, లేచి చూడు" అంటూ పెన్నుల డబ్బా విసిరాడు. కనుబొమ్మ మీద చిన్న గాటు పడింది. నాకు నేనే ప్లాస్టరు వేసుకుని తర్వాతి మనిషిని పిలిచాను. మంచినీళ్ళు తాగడం మానేశాను, తాగితే లేవాల్సి వస్తుంది. కుర్చీ ఉంది, నిజమే. అందులోంచి లేచే వీలే లేదు.

టీ కొట్టు ఆయన గొంతు పెంచాడు. "అన్న మాటకు ఇంతేనా విలువ? ఆయన అక్కడ నీ గురించి ఎంత గొప్పగా చెప్పుకుంటాడు, ఇక్కడ నువ్వు చేసేది ఇదా" అన్నాడు. బెంచీల వాళ్ళంతా వింటున్నారు. నీ పరువు పోతుందని ఆ ముసలావిడకు పసుపు పట్టీ కట్టాను. అన్నయ్యా, మోకాలి నొప్పికి పసుపు కట్టాను. ఆ పసుపు ఆవిడ వెనక నిలబడ్డ జ్వరం పిల్లది. ఆ పిల్ల తల్లి నన్నేమీ అనలేదు. ముసలావిడ నడుచుకుంటూ లోపలికి వెళ్ళడం చూసింది, తర్వాత నా వైపు చూసింది. పిల్లకు నయమైంది. అందులో నా గొప్ప ఏమీ లేదు.

ఇక ఎవరినీ పంపకు. నీ పేరు ఇంట్లో చెల్లుతుంది, వీధిలో చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు. ఇంకెవరైనా నీ పేరు చెప్తే ఆకుపచ్చ కట్టి చివరి బెంచీలో కూర్చోబెడతాను. బెదిరింపు కాదు, అలాగే చేస్తాను.

అర్జీ వెనక్కి తీసుకోను.

చెల్లి


జూలై 15

చెల్లెలికి,

ఉత్తరం చదివాను. మీ వదినకు చదివి వినిపించలేదు. కులాసాగా ఉన్నావని రాశావని చెప్పాను.

నా పేరు చెల్లదని రాశావు. మంచిది. చెల్లని నోటు పట్టుకుని బజారంతా తిరిగానని ఇప్పుడు తెలిసింది. టీ కొట్టు అతను నాతో మాట్లాడటం మానేశాడు. నీ వల్ల అతని పని అయింది కదా, మరి కోపం దేనికని టైలరు చేత అడిగిస్తే, "పని అయింది కానీ మర్యాద కాలేదు" అన్నాడట. నేనూ ఆ కొట్టుకు వెళ్ళడం లేదు. ఇంట్లో టీ బాగానే ఉంటుంది.

నీ కనుబొమ్మ గాటు గురించి అడగాలని ఉంది. అడిగితే అందులోనూ తల దూర్చినట్టు అవుతుందేమో.

నువ్వు చెప్పినట్టే చేశాను. అందరికీ ఒకటే మాట చెప్పాను. పెద్దాసుపత్రికి వెళ్తే వెళ్ళండి, మా చెల్లెలి ముందు నా పేరు ఎత్తవద్దు, పలకరించవద్దు, ఉన్న నొప్పిని ఇంతను అంత చేసి చెప్పి ఆమె ప్రాణం తీయవద్దు, వరుసలో కూర్చుని పిలిచినప్పుడు వెళ్ళండి అన్నాను. ఇకమీదట వచ్చేవాళ్ళకు కూడా ఇదే చెప్పి పంపుతాను. మన వీధి వల్ల నీకు ఇబ్బంది రాదు.

వానలు పడుతున్నాయి. కుర్చీలన్నీ గోడౌనులోనే ఉన్నాయి.

అన్నయ్య


ఆగస్టు 3

అన్నయ్యా,

నీ పేరు చెల్లదని రాసిన చేత్తోనే ఇది రాస్తున్నాను. నాకు నీ మీద కోపం లేదు. బల్ల దగ్గర ఎవరి మీదా కోపం చూపించే వీల్లేదు. అది ఎక్కడో ఒకచోట పడాలి, నీ మీద పడింది. గాటు మానిపోయింది. నువ్వు అడగొచ్చు. నువ్వు అడగకపోతే ఇంకెవరు అడుగుతారు.

ఒక సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాను. పోయిన శుక్రవారం బెంచీల దగ్గర ఒకాయన చనిపోయాడు. నేను ఆకుపచ్చ కట్టిన మనిషి.

యాభై దాటి ఉంటాయి. పొద్దున మంచి రద్దీలో వచ్చాడు. అప్పుడే ఒక బస్సు ప్రమాదం వాళ్ళను తెచ్చారు, నేల మీద కూడా మనుషులను పడుకోబెట్టాం. ఆయన తన వంతు వచ్చాక నన్ను చూసి, తెలిసిన మనిషిని పలకరించబోయినట్టు నవ్వి, ఆగిపోయాడు. ఏం బాధ అని అడిగాను. "ఏం లేదమ్మా, తిన్నది అరగలేదు. ఇక్కడ కొంచెం బిగపట్టినట్టుంది" అని పొట్ట పైన చెయ్యి పెట్టాడు. ఛాతీలో నొప్పి ఉందా అన్నాను. "అబ్బే, నొప్పి అనేంత కాదు." చెయ్యి లాగుతోందా అన్నాను. "పనిచేసే చేతులు కదమ్మా, ఎప్పుడూ లాగుతూనే ఉంటాయి. మీరు ముందు వాళ్ళను చూడండి." నాడి కొంచెం వేగంగా ఉంది. ఆ హాలులో అందరి నాడీ వేగంగానే ఉంది, నాది కూడా. చెమట పట్టి ఉంది. అది కూడా అందరికీ పట్టింది. గుండెకు ఈసీజీ తీసే యంత్రం ఒక్కటే పనిచేస్తోంది, అది లోపల ప్రమాదం వాళ్ళ దగ్గర ఉంది. ఆయన ఇంకాస్త గట్టిగా చెప్పి ఉంటే వెళ్ళి లాక్కొచ్చేదాన్ని. కానీ గట్టిగా చెప్పేవాళ్ళు అటూ ఇటూ అంతమంది ఉన్నారు.

ఆకుపచ్చ కట్టాను. "మీకు శ్రమ ఇచ్చాను" అన్నాడు. ఆ మాట విని, అందరూ ఈయనలా ఉంటే ఎంత బాగుండును అనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

బెంచీలో చోటు దొరికితే నిండు గర్భిణికి ఇచ్చేసి గోడకు ఆనుకుని నిలబడ్డాడట. తర్వాత అలాగే కిందికి జారి కూర్చున్నాడు. నిద్రపోతున్నాడు అనుకున్నారు. ఆయన భార్య టీ తెస్తానని బయటికి వెళ్ళింది. వచ్చి లేపింది.

విచారణ పెట్టారు. పెద్ద సిస్టర్ నన్ను పక్కకు పిలిచి, "బల్ల దగ్గర నుంచి నిన్ను తీసేస్తారేమో, మనసు గట్టి చేసుకో" అంది. నేను మనసు గట్టి చేసుకోవాల్సింది అందుకు కాదని ఆవిడకు ఎలా చెప్పను.

ఒక్క ముక్క రాయి. వానల సంగతైనా సరే.

నీ చెల్లి


ఆగస్టు 11

చెల్లీ,

ఇది ఎలా రాయాలో తెలియక కాగితాలు చింపాను.

ఆయన మన మేస్త్రి. మొహమాటం మేస్త్రి. మర్నాడు శవం మన వీధికి వచ్చింది. కుర్చీలు నేనే వేశాను. పెద్దాసుపత్రిలో పోయాడని తెలుసు కానీ నీ బల్ల దగ్గర అని తెలియదు, అప్పటికి నీ ఉత్తరం అందలేదు. అందాక, గర్భిణికి చోటిచ్చాడన్న దగ్గరికి వచ్చేసరికి ఇంకెవరూ కాదని తెలిసిపోయింది.

నువ్వేం చేశావో రాశావు. నేనేం చేశానో విను. బయలుదేరే ముందు రోజు ఆయన గోడౌనుకు వచ్చాడు. మెట్ల మీద ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "ఎడమ పక్క రాయి పెట్టినట్టుందండీ. ఇక్కడి డాక్టరు పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. అక్కడ మీ చెల్లెలు గారు ఉంటారు కదా" అన్నాడు. నేను అప్పటికి నీ మాటల మీద అలిగి ఉన్నాను. "ఉంటుంది. ఆమె ముందు నా పేరు ఎత్తకండి. నొప్పి నొప్పి అని ఆమెను హడలగొట్టకండి. అక్కడికి చావుబతుకుల్లో ఉన్నవాళ్ళు వస్తారు" అన్నాను. "అయ్యో, నేనేం ఇబ్బంది పెట్టనండీ" అన్నాడు. ఇంకెవరికి చెప్పినా ఆ మాట సగం వినేవారు. టీ కొట్టు అతనైతే అసలు వినేవాడు కాదు. చెప్పింది చెప్పినట్టు వినే మనిషి మన వీధి మొత్తంలో ఆయన ఒక్కడే. ఆయనకు చెప్పాను.

నిన్న ఆయన భార్య వచ్చింది. గొడవ పెట్టుకుంటుందేమో అనుకున్నాను. పెట్టుకుంటే బాగుండేది. "మీ చెల్లెలు గారిని ఆయన దూరం నుంచి చూపించారు అన్నయ్యగారూ. పాపం ఆ అమ్మాయికి మంచినీళ్ళు తాగే తీరిక కూడా లేదు, పలకరించి ఇబ్బంది పెట్టొద్దు అన్నారు. బాగున్నారా ఆవిడ?" అంది. బాగుందని చెప్పాను. ఆమె వెళ్ళాక మీ వదిన, "నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు అలా కూర్చున్నారేం" అంది. ఉత్తరం ఆవిడ చేతికిచ్చాను. చదవడం రాదు కదా, అయినా చాలాసేపు పట్టుకుని కూర్చుంది. తర్వాత చదివి వినిపించాను.

మేస్త్రి చేతికి ఆకుపచ్చ కట్టింది నువ్వేనని ఆయన భార్యకు తెలుసో లేదో, అడిగే ధైర్యం లేదు.

విచారణ గురించి దిగులు పెట్టుకోకు. నీ మీద మచ్చ పడనివ్వను. చేయాల్సింది నేను చేస్తాను.

అన్నయ్య


సెప్టెంబర్ 6

అన్నయ్యా,

విచారణ అయిపోయింది. నువ్వు మా పెద్ద డాక్టరుకు రాసిన ఉత్తరం అక్కడ అందరి ముందూ చదివారు. "రోగి తన బాధను దాచడానికి కారణం నేను, మా చెల్లెలు కాదు" అని రాశావు. సంతకం కింద కుర్చీల షాపు ముద్ర కూడా వేశావు. ముద్ర చూసి ఒకాయన నవ్వుకున్నాడు. చదవడం పూర్తయ్యాక ఎవరూ నవ్వలేదు. నా తప్పేమీ లేదని తేల్చారు. నా అంత అనుభవం ఉన్నవాళ్ళు లేరు కాబట్టి ముందు బల్ల దగ్గర నేనే ఉండాలని కూడా తేల్చారు. టీకాల గది అర్జీని ఆ పూటే కొట్టేశారు.

ఈ సంగతి నీకు ఎప్పుడూ రాయలేదు. నాకు ముందు ఆ కుర్చీలో ఉన్న సిస్టర్ మీద ఇలాంటి విచారణే జరిగింది. తప్పు తేలింది. శిక్షగా దుప్పట్ల గదికి పంపారు. ఉతికి వచ్చిన దుప్పట్లు మడతపెట్టి వార్డులకు ఇస్తుంది. ఒళ్ళు చేసింది. మధ్యాహ్నం కూర్చుని భోంచేస్తుంది. పోయిన నెల వరండాలో కనిపించి, "నీకూ ఒక శిక్ష పడితే బాగుండునే" అంది. వేళాకోళానికి అనలేదు. నేను దాని కోసమే కాచుకుని ఉన్నాను. అనుమానం వచ్చిందా అని విచారణలో అడిగితే, వచ్చింది, అయినా ఆకుపచ్చ కట్టాను అని చెప్పాను. అందులో ఎంత నిజమో నాకే తెలియదు. నీ ఉత్తరం ముందు నా మాట నిలవలేదు. నా పేరు కాపాడావు అన్నయ్యా. పేరుతోపాటు నన్ను కూడా ఆ కుర్చీలోనే ఉంచేశావు.

నిన్ను నొప్పించాలని రాయడం లేదు. చెప్పకపోతే నువ్వు ఇంకేదైనా మంచి చేస్తావేమోనని భయం.

ఇప్పుడు ఎవరైనా "ఏం లేదు" అంటే మళ్ళీ మళ్ళీ నాడి చూస్తున్నాను. విచారణ నడిచినన్నాళ్ళూ వచ్చిన ప్రతివాళ్ళకూ పసుపే కట్టాను. లోపలి డాక్టరు బయటికి వచ్చి, "అందరికీ పసుపైతే ఇక నువ్వెందుకు? గుమ్మంలో ఒక డబ్బా పసుపు రంగు పెడితే జనమే చెయ్యి ముంచుకుని వస్తారు" అన్నాడు. ఆయన్నీ అనడానికి లేదు, నిలబడి నిలబడి ఆయన కాళ్ళు చెప్పుల్లో పట్టడం లేదు. మళ్ళీ మామూలుగా కడుతున్నాను. ముఖాలు చూడటం మాత్రం మానేశాను. ముఖం మర్యాదకు నవ్వుతుంది, భయానికి కూడా నవ్వుతుంది. గోళ్ళు చూస్తాను, మణికట్టు పట్టుకుంటాను, ఊపిరి చూస్తాను. పని త్వరగా అవుతోంది. లైను త్వరగా కదులుతోందని అందరూ మెచ్చుకుంటున్నారు.

మేస్త్రి గారి భార్యకు, పట్టీ కట్టింది నేనే అని చెప్పు. నువ్వు చెప్పలేకపోతే వదినతో చెప్పించు.

చెల్లి


సెప్టెంబర్ 15

చెల్లీ,

నేను ఏ రాయి ఎత్తినా నీ నెత్తిమీదే పడుతోంది. ఈసారి ఏమీ చేయను. ఒకటి అడుగుతాను. ఉద్యోగం మానెయ్. వచ్చెయ్. మేడ మీద గది ఖాళీగానే ఉంది. మీ వదిన దాని కిటికీకి కొత్త తెర కుట్టింది, నేను అడక్కుండానే.

మేస్త్రి భార్యకు వదిన చెప్పింది. "ఆవిడ ఆయన మాటే నమ్మారు. నేనూ నమ్మాను కదా, టీ తేవడానికి పోయాను" అందట. కానీ అప్పటి నుంచి మన ఇంటికి రావడం మానేసింది. నేను ఎదురుపడితే ఇప్పుడు ఆమె సందు మారుతోంది.

వచ్చెయ్. ఇంకేం రాయను.

అన్నయ్య


అక్టోబర్ 9

అన్నయ్యా,

రాజీనామా ఇచ్చాను. పెద్ద సిస్టర్ తీసుకుని సొరుగులో పెట్టుకుంది. "మనిషి రాగానే వదులుతాం" అంది. మనిషి ఎప్పుడు వస్తుందని అడిగాను. "ప్రకటన ఇచ్చాం" అంది. ప్రకటన చూసి ఒకామె వచ్చింది కూడా. పని చూడమని నా పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టారు. మధ్యాహ్నం దాకా చూసింది. బాత్రూముకు వెళ్ళొస్తానని లేచింది, మళ్ళీ రాలేదు. సంచీ కూడా తీసుకెళ్ళలేదు. ఇప్పటికీ అది నా బల్ల కింద ఉంది, కాళ్ళకు తగులుతూ ఉంటుంది. మా వాళ్ళు దాన్ని "కొత్త సిస్టర్" అంటున్నారు. "కొత్త సిస్టర్ డ్యూటీకి వచ్చిందా?" అని పొద్దున్నే అడుగుతారు. మేం నవ్వుకునేది ఇప్పుడు దాని గురించే.

చెప్పకుండా లేచి వచ్చెయ్ అంటావు. ఒకరోజు లేచాను. నిజంగానే లేచి గుమ్మం దాకా వెళ్ళాను. ఎదురుగా ఒకాయన భుజం మీద పిల్లాణ్ణి వేసుకుని పరిగెత్తుకు వస్తున్నాడు. పిల్లాడి పెదవులు నీలంగా ఉన్నాయి. వెనక్కి తిరిగి ఎరుపు కట్టాను. బతికాడు. అదే నా ఖర్మ. వాడు బతకకపోయి ఉంటే, నేనుండి మాత్రం ఏం లాభమని వచ్చేసేదాన్నేమో.

మేడ మీద గది ఎవరికైనా అద్దెకు ఇచ్చేయండి. ఖాళీగా ఉందని తెలిస్తే పని మధ్యలో మనసు అటు పోతోంది. తెర గురించి వదినకు కోపం రాకుండా చెప్పు.

నువ్వు రాకు. వచ్చినా మాట్లాడే వీలుండదు.

చెల్లి


నవంబర్ 2

చెల్లీ,

రావద్దన్నావు. పోయిన మంగళవారం వచ్చాను. వచ్చి, తిరిగి వెళ్ళిపోయాను కూడా.

నీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేయాలనే బయలుదేరాను. ఇంటికి వచ్చే బస్సులో కిటికీ పక్కన ఇద్దరికీ సీట్లు కూడా తీసుకున్నాను. గుమ్మంలో కాపలా మనిషి ఆపాడు. "సిస్టర్‌తో మాట్లాడాలంటే లైనులో రావాలి. ఆవిడ ఎవరికైనా లైనులోనే దొరుకుతుంది" అన్నాడు. నేను ఆవిడ అన్నను అన్నాను. "ఇక్కడికొచ్చే వాళ్ళలో సగం మంది ఆవిడ అన్నలే" అన్నాడు. వాళ్ళలో కొందరిని పంపింది నేనే.

లైనులో నిలబడ్డాను. అంతసేపూ నిన్నే చూశాను. చిక్కిపోయావు. ఒకరితో మాట్లాడుతూనే పక్కవాళ్ళ గోళ్ళు చూస్తున్నావు. నా వంతు వచ్చింది. ఏం బాధ అన్నావు. గొంతు నీదే కానీ అందులో నువ్వు లేవు. మణికట్టు పట్టుకుని, "చెప్పండి, వెనక జనం ఉన్నారు" అన్నావు. వెనక్కి చూశాను. ఒకామె ముసలి తల్లిని వీపు మీద మోసుకుని నిలబడి ఉంది. నేను అన్నయ్యనని చెప్తే నువ్వు తలెత్తేదానివి, లేచేదానివి, కాసేపు ఏడ్చేదానివి. అంతసేపూ ఆ ముసలావిడ అలా వీపు మీదే ఉండాలి. టీ కొట్టు అతన్ని నేను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చాయి. ఏదో ఒకటి చెప్పాలి కదా, కొంచెం ఆయాసం అన్నాను. పట్టీ కట్టి పంపేశావు.

బెంచీ మీద కూర్చున్నాను. ఎవరో ఒకాయన నిన్ను నానా మాటలూ అన్నాడు. లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. నేను కలగజేసుకుంటే అదీ నీ మీదికే వస్తుంది. నువ్వు అతని వైపు చూడకుండా అతని తమ్ముడికి పట్టీ కట్టావు. లోపలికి పిలిచేలోపే వచ్చేశాను. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంటే ఒకావిడ కూర్చోవచ్చా అని అడిగింది. కూర్చోమన్నాను.

గుర్తుపట్టలేదని నిన్ను దెప్పడానికి కాదు. ముఖాలు చూడటం మానేశానని ముందే రాశావు. నేను వచ్చానని నీకు తెలియాలని, అంతే.

మేడ మీద గది అద్దెకు ఇవ్వలేదు. ఇవ్వను.

అన్నయ్య


నవంబర్ 10

అన్నయ్యా,

మంగళవారం వచ్చిన వాళ్ళను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. తల్లిని మోసుకొచ్చిన ఆమె గుర్తుంది. ఆ తల్లి గోళ్ళు గుర్తున్నాయి. ఆమెకు ముందు ఎవరో ఒక మగమనిషి ఉన్నాడు. అంతకు మించి రావడం లేదు. ఏడుపు వస్తుందేమోనని ఉత్తరం చేతిలో పట్టుకుని కాసేపు కూర్చున్నాను. రాలేదు.

నువ్వు నాకు ఒకటి చెప్పాలి. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి ఆయాసం అన్నానని రాశావు. ఏదో ఒకటి చెప్పేవాళ్ళు తలనొప్పి అంటారు, కడుపునొప్పి అంటారు. ఆయాసం అని ఎవరూ ఊరికే అనరు. నువ్వెందుకు అన్నావు? నేను ఏ రంగు కట్టానో కూడా రాయలేదు. ముఖం చూడకపోయినా చేతికి తెలిసినదాన్ని బట్టే కడతాను. పసుపు కట్టి ఉంటే ఈ ఉత్తరం అక్కడే పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఆకుపచ్చ కట్టి ఉంటే, నేను కట్టిన ఆకుపచ్చను నమ్ముకుని ఊరుకోకు, అప్పుడు కూడా వెళ్ళు. వెళ్ళి, ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీ పేరూ నా పేరూ ఏదైనా వాడుకో. గట్టిగా చెప్పు.

వదినను అడుగుదామంటే ఆవిడకు రాయడం రాదు, ఫోనులో అడిగినా నువ్వు చెప్పిందే చెప్తుంది. రాసేది నువ్వే. ఫోను చేస్తే నీ గొంతు వింటాను కానీ, నువ్వు గొంతు కూడా బాగానే ఉంచుకుంటావు.

అందుకని రాయి. ఏ రంగో రాయి, డాక్టరు ఏమన్నాడో రాయి. నేను కంగారు పడతానని మార్చి రాయకు. మార్చి రాసినా నాకు తెలియదు. వచ్చి చూడటానికి ఇక్కడి నుంచి లేవలేను. నువ్వేం రాస్తే అదే నమ్ముతాను.

నీ చెల్లి